ఇప్పిన పోగు ఏడ పెడ్తది?

వనపర్తిలో ఒక చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సి లాంగ్వేజ్ చెప్పుకుంటూ బతికే రోజుల్లో నా మీద నాకు చాలా మంచి అభిప్రాయం ఉండేది. రెండు వేల నాలుగో, ఐదో. ఎంసీఏ పాసై, హైదరాబాదులో ఆరు నెలలు తిరిగి, ఉద్యోగాలిచ్చేవాళ్లకు మనిషి విలువ తెలియదని తీర్మానించుకుని నాగర్‌కర్నూల్లో ఇంటికి వచ్చేశాను. అక్కణ్నుంచి రోజూ బిజినేపల్లి మీదుగా వనపర్తికి బస్సు. క్లాసులో నాకు మహా ఇష్టమైన పాఠం మెమరీ గురించి. "ప్రోగ్రాం నడుస్తుండగా కంప్యూటర్‌ని అడిగి జాగా తీసుకుంటాం. పనైపోయాక ఆ జాగా మనమే తిరిగి అప్పజెప్పాలి. లేదంటే అది ఎవరికీ అక్కరకు రాకుండా ఊరికే పడి ఉంటుంది" అని బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసేవాణ్ని. పరీక్షలో జాగా తిరిగివ్వడం మరిచినవాళ్లకు నిర్దాక్షిణ్యంగా అయిదు మార్కులు కోసేవాణ్ని. అప్పటికి నేను పదిమంది వాడే ప్రోగ్రాం ఒక్కటి కూడా రాయలేదు.

మా ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పాత కంప్యూటర్ అమ్మకానికి పెడితే గద్వాల నుంచి ఒక సేటు వచ్చి కొనుక్కున్నాడు. చీరలు నేయించే ఆయన, షెడ్డులో ఇరవై మగ్గాలదాకా ఉన్నాయి. కంప్యూటర్ బిగించడానికి నేనే వెంట వెళ్లాను. అక్కడ ఒక పెద్ద గళ్ల కాగితం మీద కొత్త అంచు డిజైను సగం గీసి ఉంది. ఒక్కో గడి ఒక్కో పోగు. గడులకు చేత్తో రంగులు నింపాలి. ఆ కాగితం చూసి అట్టలు కొట్టేవాళ్లు అట్టల మీద రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం పైన కూర్చుని ఏ పోగు ఎప్పుడు లేవాలో చెబుతాయి. కాగితం గీయడానికే పది రోజులు పట్టేది.

"సారూ, గిది పెట్టె గీయదా?" అని అడిగాడు సేటు.

తెలియదు, కనుక్కుని చెబుతానని అనాల్సింది. "గీస్తది సేటు" అన్నాను. జీవితంలో అంత తొందరగా నేను ఇచ్చిన జవాబు ఇంకొకటి లేదు.

ఆలోచించిన పద్ధతి మాత్రం మంచిదేనని ఇప్పటికీ అంటాను. గడులకు రంగులు నింపే బదులు డిజైనును మాటల్లో టైపు చేయాలి. "(ఎరుపు 4 జరీ 2) 8" అంటే నాలుగు గడులు ఎరుపు, రెండు జరీ, ఆ మొత్తం ఎనిమిది సార్లు. బ్రాకెట్ లోపల ఇంకో బ్రాకెట్ కూడా పెట్టొచ్చు. ఇలాంటి వరుసను చదివి అర్థం చేసుకునే భాగాన్ని పార్సర్ అంటారు. దాన్ని ఎవరూ చేత్తో రాయరు. బైసన్ అనే పనిముట్టు ఉంది. ఏ మాట తర్వాత ఏది రావాలో నియమాలు రాసిస్తే చాలు, పార్సర్‌ని అదే తయారు చేసి చేతిలో పెడుతుంది. సగం ప్రోగ్రాం అదే రాసింది గానీ, ఆ సంగతి గద్వాలలో నేనెవరికీ చెప్పలేదు.

ఆ పనిముట్టు వాడకం గురించిన పుస్తకాన్ని వనపర్తిలో జిరాక్సు తీయించుకున్నాను. చాలా లావు పుస్తకం. తప్పు వరుసలు వచ్చినప్పుడు పార్సర్ ఎలా తేరుకుంటుంది, అప్పుడు అది వదిలేసే వాటిని ఏం చేయాలి అనే అధ్యాయం ఒకటుంది. తప్పులు రాసేవాళ్లకు కదా అది, మనకెందుకని ఆ పేజీలు వదిలేసి మిగతావి తీయించాను.

తెరిచిన ప్రతి బ్రాకెట్‌కూ ఒక ఎంబీ జాగా అడిగి పుచ్చుకునేలా రాశాను. ఎనిమిది గడుల ముక్కకు ఒక ఎంబీ ఎందుకని ఎవరూ అడగలేదు. ఎందుకైనా మంచిదని తీసుకున్నాను. ముందు జాగ్రత్తగా దాన్ని సున్నాలతో నింపాను కూడా. ఆ కంప్యూటర్ మొత్తానికి ఉన్నదే నూట ఇరవై ఎనిమిది. వరుస సరిగ్గా ముగిస్తే తీసుకున్న జాగా అంతా బుద్ధిగా తిరిగిచ్చేవాణ్ని, బోర్డు మీద చెప్పినట్టే. డిజైను అంతా అయ్యాక "ముగింపు" అని కొడితే ప్రింటర్ గరగరమంటూ గళ్ల కాగితం ముద్రించేది. రంగు ప్రింటర్ కాదు కనుక ఒక్కో గడిలో రంగు పేరు మొదటి అక్షరం వచ్చేది. మధ్యలో దాచుకునే ఏర్పాటు ఏదీ పెట్టలేదు.

నేను అన్నిటికంటే ఎక్కువ మురిసిపోయింది కూతకు. వరుసలో తప్పుంటే తెర మీద "తప్పు" అని పడి, కంప్యూటర్ లోపలి చిన్న స్పీకరు "కుయ్" మని గట్టిగా కూసేది. మగ్గాల చప్పుడులో కూడా వినపడాలని దాన్ని ప్రత్యేకంగా పెంచాను. షెడ్డు ఆ చివరి మగ్గందాకా వినపడింది.

ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడానికి సేటు ఒక అక్కను పిలిచాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. అదే షెడ్డులో పదిహేనేళ్లు గుంట మగ్గం మీద నేసిన మనిషి. గుంటలో కాళ్లు వేలాడేసి రోజంతా తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయాయి, దవాఖానలో ఇక మగ్గం ఎక్కొద్దని చెప్పేశారు. ఇంటర్ చదివింది, ఎప్పుడో టైపు లోయర్ పాసైంది. ఈ కుర్చీ దొరక్కపోతే ఆమెకు గద్వాలలో వేరే పని లేదు. ఇంట్లో నేసేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ మాట మొదటి రోజే చెప్పింది, కుర్చీ ఎత్తు సరిచేసుకుంటూ మామూలుగా.

"జర మెల్లగ నేర్పుండ్రి సార్. గీ కుర్చీ పోతే మల్ల గుంటలకే దిగాలె. దిగుత గని, ఎక్కలేను."

నేను ధైర్యం చెప్పాను. అంతటితో ఊరుకోకుండా కీబోర్డు బాగాలేదని చూసి, మా ఇన్‌స్టిట్యూట్ మూలన పడి ఉన్న ఒక కీబోర్డు తెచ్చి బహుమతిగా ఇచ్చాను. దాని షిఫ్ట్ మీట మూడుసార్లు నొక్కితే రెండుసార్లు పలికేది. బ్రాకెట్లు రెండూ షిఫ్ట్ నొక్కితేనే పడతాయి. షిఫ్ట్ పలకకపోతే తెరిచే బ్రాకెట్‌కు బదులు తొమ్మిది, మూసే బ్రాకెట్‌కు బదులు సున్నా పడతాయి. ఈ సంగతి కీబోర్డు ఇచ్చేటప్పుడు నాకు తట్టలేదు. ఆ తర్వాత చాలా రోజులు కూడా తట్టలేదు.

మొదటి వారం నుంచే కూతలు మొదలయ్యాయి. మగ్గాల మీద వాళ్లకు అది మంచి కాలక్షేపం. కుయ్ మనగానే ఎవరో ఒకరు "అక్కా, ఇంకో గుడ్డు పెట్టిందే" అనేవాళ్లు. ఇంకొకరు లెక్క చెప్పేవాళ్లు. ఆమె నవ్వేది కానీ మెడ వెనక ఎర్రబడేది. అది నేను చూశాను. చూసి, తప్పులు తగ్గడానికి మంచి మందు పెట్టానని లోపల సంతోషించాను.

రెండో వారం నుంచి కంప్యూటర్ ఆగిపోవడం మొదలైంది. పొద్దున బాగానే నడిచేది. మధ్యాహ్నానికి ఒక్కో అక్షరం పడటానికి నిమిషం తీసుకునేది, లోపల డిస్కు ఆపకుండా కరకరలాడేది, చివరికి బిగుసుకుపోయేది. స్విచ్చి ఆపి మళ్లీ వేయడం తప్ప దారి ఉండేది కాదు. పొద్దుటి నుంచి కొట్టిన వరుసలన్నీ పోయేవి. సేటు కరెంటు అనుమానించి స్టెబిలైజరు కొన్నాడు. తర్వాత కొత్తకోట నుంచి, లారీల వైరింగు చూసే మెకానిక్ ఒకాయన్ని పిలిపించాడు. ఆయన కంప్యూటర్ మూత విప్పి, దుమ్ము ఊది, "ఎయిర్ తగుల్త లేదు" అని తేల్చాడు. నా కంటే ఆయన నయం. కనీసం మూత విప్పి చూశాడు.

నేను శనివారాలు వనపర్తి నుంచి పెబ్బేరు మీదుగా గద్వాల వెళ్లేవాణ్ని. సేటు అడిగాడు, "ఏందయ్యా సారూ, పది దినాల పని ఇరవై దినాలాయె. రోగం పెట్టెదా, మనిషిదా?"

నేను కూర్చుని బ్రాకెట్లు లేని తేలిక వరుసలు నాలుగు కొట్టి చూపించాను. కూత లేదు, ఆగడం లేదు. నాలుగు వరుసలకు అది ఎందుకు ఆగుతుంది? "ప్రోగ్రాం బాగనే ఉంది సేటు. టైపింగ్‌ల తప్పులు ఎక్కువైతున్నయి, అంతే" అన్నాను. అక్క పక్కనే నిలబడి ఉంది. అన్నాక ఆమె వైపు తిరిగి పెద్దమనిషి లాగా "నువ్వు తప్పులు తగ్గించుకో అక్కా, సిస్టం దానంతటదే బాగైతది" అని సలహా కూడా ఇచ్చాను.

సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే ఆ మాటలో నిజం ఉంది. తప్పులు లేకపోతే అది ఆగేది కాదు. ఆ నిజాన్ని పట్టుకుని నేనింకో నాలుగు వారాలు హాయిగా బతికాను.

ఒక శనివారం అక్క ఒక నోటుబుక్కు తీసి నా ముందు పెట్టింది. పేజీల నిండా గీతలు. నాలుగు నిలువు గీతలు, మీద ఒక అడ్డ గీత, అట్లా గుంపులు గుంపులు. ఒక్కో కూతకు ఒక్కో గీత. తేదీ, ఏ డిజైను, ఎన్ని కూతల తర్వాత ఆగింది, అన్నీ రాసింది.

"నా తప్పులు నేనే రాసుకుంటున్న సార్, తగ్గుతయేమోనని. రాస్తుంటే ఒకటి కనబడె. అంచు డిజైను కొడితే నలభై తప్పులదాక ఉంటది, అప్పుడు ఆగుతది. కొంగు కొడితే పదిహేనుకే ఆగుతది. ఎప్పుడైన గంతే. పొద్దుగాల ఆగినా, పొద్దుమీకి ఆగినా గదే లెక్క."

నేను పేజీలు తిప్పాను. తిప్పుతున్నట్టు నటించాను అనడం సరైన మాట.

"అందుకే నేను ఇప్పుడు పదమూడు కాంగనే ముగింపు కొట్టి, అయినకాడికి కాయితం తీసుకుని, బంద్ చేసి మల్ల సురూ చేస్త. తర్వాత కాయితాలు గోందుతోని అతికిస్త. రెండు దినాల సంది ఆగలే." ఆమె గొంతు తగ్గించి అడిగింది. "సార్, ఒకటి అడుగుత, నవ్వొద్దు. మగ్గం మీద తప్పు నేస్తే ఇప్పుతం గద. ఇప్పిన పోగు ఇప్పినోళ్లే చుట్టి డబ్బల పెట్టాలె, గది మా షెడ్డుల కాయిదా. ఊకె ఇడిసిపెడితే గుంటల కాళ్ల కింద పోగులే పోగులు, తొక్కనీకి కాలాడదు. మీ పెట్టె గూడ తప్పని కూసి వరుస ఇప్పేస్తది గద. మరి ఇప్పిన పోగు ఏడ పెడ్తది?"

నిజంగానే ప్రతి మగ్గానికీ ఒక పాత రేకు డబ్బా వేలాడుతూ ఉంది. ఇన్ని వారాలుగా చూస్తున్నాను, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

నేను నవ్వాను. నవ్వొద్దని చెప్పాక కూడా నవ్వాను. "కంప్యూటర్ల పోగులుండవు అక్కా" అన్నాను. నోటుబుక్కు తిరిగిచ్చి బస్సెక్కాను.

బీచుపల్లి వంతెన దాటేదాకా ఆ నవ్వు ముఖం మీదే ఉంది. పెబ్బేరులో బస్సు ఆగితే పల్లీలు కొనుక్కుని తింటూ అంచుకు నలభై, కొంగుకు పదిహేను అని ఊరికే అనుకున్నాను. అంచు వరుసలో ఒకటే బ్రాకెట్ ఉంటుంది. కొంగు వరుసలో బ్రాకెట్ లోపల బ్రాకెట్, దాని లోపల ఇంకోటి. పల్లీలు నోట్లోనే ఉండిపోయాయి. తప్పు దొరికినప్పుడు పార్సర్ ఆ వరుసను సగంలో వదిలేస్తుంది. అప్పటిదాకా చేతిలో పట్టుకున్న బ్రాకెట్లన్నీ కింద పడేస్తుంది. ఒక్కోదానికీ నేను ఎందుకైనా మంచిదని ఇప్పించిన ఒక ఎంబీ. సరైన వరుసకు జాగా తిరిగిచ్చే ఏర్పాటు చేశాను గానీ, సగంలో వదిలేసిన వరుస సంగతి నేను రాయనే లేదు. అవన్నీ గుంటలో పడి ఉన్నాయి. పొద్దుటి నుంచి పడుతూనే ఉన్నాయి. కంప్యూటర్‌కి కాలాడటం లేదు.

వనపర్తిలో దిగి సరాసరి జిరాక్సు షాపుకు వెళ్లి, నేను వదిలేసిన పేజీలు తీసుకున్నాను. అసలు పుస్తకం అప్పట్లో అక్కడే వదిలేసి వచ్చాను, షాపాయన దాన్ని పొట్లాలకు వాడకుండా ఉంచడం నా అదృష్టం. నాగర్‌కర్నూల్ బస్సులో చదివాను. వదిలేసిన వాటిని ఏం చేయాలో ముందే ఒక్క మాట రాసి పెట్టుకోవచ్చట. పార్సర్ దేన్నైనా పడేయాల్సి వస్తే ఆ మాట ప్రకారం దాని జాగా అప్పజెప్పి మరీ పడేస్తుందట. అక్షరాలా అక్క చెప్పిన రేకు డబ్బా. రెండు పేజీల్లో ఉంది. అరవై పైసల పేజీలు రెండు మిగుల్చుకోబోయి ఒక మనిషిని షెడ్డు నిండా నవ్వులపాలు చేశాను.

ఇక్కడిదాకా నా తెలివితక్కువతనం. తర్వాతది వేరు. ఆ రాత్రే సేటుకు ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పొచ్చు. ఎస్టీడీ బూత్ మా ఇంటి ఎదురుగానే ఉంది. చెప్పలేదు. మూడు వారాలు చెప్పలేదు. నిశ్శబ్దంగా బాగుచేసి, "కొత్త వెర్షన్" అని పేరు పెట్టి తీసుకెళితే పాతదాంట్లో ఏముందో ఎవరూ అడగరు కదా అనుకున్నాను. ఆ మూడు వారాల్లో సేటే ఒకసారి ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేశాడు. "ఆమెతోని అయ్యేట్టు లేదు సారూ, వేరే పిల్లను చూడమంటవా?" అని అడిగాడు. "కొత్త వెర్షన్ వస్తది, అప్పుడు చూద్దాం" అన్నాను. ఆమెతో అవుతుంది, తప్పు ఆమెది కాదు అనే చిన్న మాట నోటిదాకా వచ్చింది. అది వెనక్కి వెళ్లింది. ఆ చిన్న మాట కోసం ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కొత్త వెర్షన్‌లో నేను పొదుపు నేర్చిన మనిషిని. బ్రాకెట్‌కు ఎంబీ కాదు, ఎంత కావాలో అంతే. రంగుల పేర్లు కూడా ఒక్కోటి ఒక్కసారే దాచి, ఎన్ని వరుసల్లో ఎరుపు వచ్చినా అన్నీ ఆ ఒక్క ఎరుపునే చూపించేలా మార్చాను. తప్పు వరుసలో పడేసే ప్రతిదాని జాగా తిరిగిచ్చేయమని రాశాను. ప్రతిదాని అంటే ప్రతిదాని, ఆ ఒక్క ఎరుపుతో సహా. ముందు ఏదీ తిరిగివ్వని మనిషిని, ఇప్పుడు పక్కింటి గిన్నెలో కూర ఉండగానే గిన్నె తిరిగిచ్చేసే మనిషినయ్యాను. ఇన్‌స్టిట్యూట్‌లో తప్పు వరుసలు నూరు కొట్టి చూశాను, కంప్యూటర్ ఆగలేదు. తప్పుల తర్వాత కాగితం ఎలా వస్తుందో మాత్రం చూడలేదు.

కొత్త వెర్షన్ తీసుకెళ్లిన శనివారం మధ్యాహ్నం సేటు షెడ్డుకి తనకు తెలిసిన ఇద్దరు వ్యాపారులను పిలిచాడు. పెళ్లి చీర కొంగు డిజైను, సాయంత్రానికి అట్టలు కొట్టేవాళ్ల చేతికి వెళ్లాలి. నేను ముందు నిలబడి కొత్త వెర్షన్ గురించి పది నిమిషాలు మాట్లాడాను. అక్క కొట్టింది. షిఫ్ట్ పలకలేదు, కుయ్. మళ్లీ కుయ్. ఇరవై దాటాయి, ముప్పై దాటాయి, కంప్యూటర్ గుర్రంలా పరుగెత్తుతూనే ఉంది. అక్క నా వైపు చూసి మొదటిసారి మనసారా నవ్వింది. పదమూడు దగ్గర ఆగకుండా చివరిదాకా వెళ్లి, "ముగింపు" కొట్టింది.

ప్రింటర్ కాగితం వదిలింది. జరీ ఉన్నచోట జరీ ఉంది, తెలుపు ఉన్నచోట తెలుపు. ఎరుపు ఉండాల్సిన ప్రతి గడిలో ఏవో వంకర గుర్తులు, నవ్వే ముఖాలు, మనుషులెవరూ రాయని అక్షరాలు. కొంగు నిండా. ఆ కొంగులో బ్రాకెట్ల పక్కనుండే రంగు ఎరుపొక్కటే, మొదటి కూతతోనే అది పోయింది, అంతకుముందు వచ్చిన ఎరుపులన్నీ దానితో పాటే పోయాయి.

వ్యాపారుల్లో ఒకాయన కాగితాన్ని తిప్పి, తలకిందులుగా చూసి, సేటుకు ఇచ్చాడు. సేటు ముఖం మాడిపోయింది. నా వైపు చూడలేదు. అక్క వైపు తిరిగాడు.

"ఏం కొట్టినవమ్మా గిట్ల? ముప్పై సార్లు కూసింది, మేం ఇనలేదా? చాలు. సోమారం సంది మగ్గం మీద కూసో."

అక్క చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. మోకాళ్ల మీద పెట్టుకుంది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. నాకు ఆ చేతులు కనిపించాయి, కింద గుంట కనిపించింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి, అందరూ వింటున్నారు. ఇప్పుడు కూడా ఊరుకుంటే ఇంక నేను ఏ బోర్డు మీదా ఏమీ రాయలేనని అనిపించింది.

"ఆమెది కాదు సేటు. ఎరుపు నేను పోగొట్టిన. ప్రోగ్రాం తప్పు" అన్నాను.

"ఇయ్యాల్టిదా?"

"ఆగిపోవుడు గూడ నాదే. మొదటి రోజు సంది."

సేటు నా వైపు తిరిగాడు. "మరి నువ్వే అంటివి గద, ఆమె టైపు మంచిగ లేదని."

"అన్న. తప్పు అన్న."

వెనక మగ్గం మీద ఎవరో "కుయ్" అని నోటితో కూశారు. షెడ్డంతా నవ్వింది. వ్యాపారులు నవ్వారు. సేటు నవ్వలేదు గానీ, అక్కతో "నువ్వు కూసోమ్మా, లేవకు" అన్నాడు. నాతో "సాయంత్రం నాలుగు గంటలకు అట్టలాయన వస్తడు" అని మాత్రం చెప్పి, వ్యాపారులను తీసుకుని చాయ్‌కి వెళ్లాడు.

అక్క నోటుబుక్కు తీసింది. కొత్త పేజీ తిప్పి పైన "సార్" అని రాసింది. కింద ఒక నిలువు గీత గీసింది. నేను పరిస్థితి తేలిక చేద్దామని, "ఒకటేనా అక్కా?" అని నవ్వబోయాను.

"మీరు ఒప్పుకున్నది ఒకటే గద సార్."

తిట్టినా బాగుండేది. ఆమె పెన్ను అలాగే పట్టుకుని ఆగింది. నేను బీచుపల్లి వంతెన నుంచి మొదలుపెట్టి చెప్పాను. పెబ్బేరు పల్లీలు, జిరాక్సు పేజీలు, ఆమె ప్రశ్నకే నాకు జవాబు దొరకడం, మూడు వారాలు నోరు మూసుకోవడం, సేటు ఫోన్ చేసి వేరే పిల్లను చూడమంటవా అంటే నేను తప్పించుకోవడం. ఆ ఆఖరిది చెప్పడమే కష్టమైంది. ఆ ఫోను సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. విని, రెండో గీత గీసింది. ఈ గీత మొదటి దానికంటే పొడుగ్గా వచ్చింది.

"సరె" అని, కుర్చీలోంచి లేచి పక్కకు జరిగింది. "పాతది పెట్టుండ్రి. నేను చదువుత, మీరు కొట్టుండ్రి. పదమూడు కాంగనే చెప్త, బంద్ చేద్దురు."

పాత వెర్షన్ పెట్టి కూర్చున్నాను. ఆమె నిలబడి కొంగు డిజైను వరుస వరుసగా చదివింది. రెండో వరుసలోనే షిఫ్ట్ పలకలేదు. కుయ్. బహుమతిగా ఇచ్చిన కీబోర్డు ఎలాంటిదో నాకప్పుడు అర్థమైంది, అది కూడా ఆమెకు చెప్పాను. షెడ్డులోంచి ఎవరో "సారూ, గుడ్డు" అన్నారు. నా చెవులు కాలిపోయాయి. ఆమె "సార్" పేజీలో ఒక గీత పెట్టి, ఆ వరుసే మళ్లీ మొదటి నుంచి చదివింది. ఒక వరుసలో నేను తడబడి ఆమె వైపు చూస్తే, "జర మెల్లగ కొట్టుండ్రి సార్, ఏం కాదు" అంది. ఇన్ని వారాల్లో ఆ మాట నేను ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు.

నాలుగు గంటలకు అట్టలాయన వచ్చేసరికి మేమింకా కాగితం ముక్కలకు గోందు పూస్తున్నాం. ఆ పేజీలో ముప్పై ఎనిమిది గీతలు ఉన్నాయి. ముప్పై ఆరు కూతలవి.